వ్యాసాలకు మార్కులు వేయడం: కొలబద్దను ముందే తయారు చేసుకునే పద్ధతి

కొన్నేళ్ల క్రితం ఒక కట్ట పేపర్లు దిద్ది పక్కన పెట్టాక, వాటిలోంచి ఐదింటిని తీసి, వేసిన మార్కులు కనపడకుండా కాగితం ముక్కలు అంటించి, వారం తర్వాత మళ్లీ దిద్దాను. మూడింటికి దాదాపు పాత మార్కులే వచ్చాయి. నాలుగోదానికి ఒక మార్కు పెరిగింది. ఐదోదానికి మాత్రం మొదట 20కి 13 వేసిన నేనే రెండోసారి 9 వేశాను. వ్యాసంలో ఒక్క అక్షరం మారలేదు, దిద్దినవాడూ మారలేదు. మొదటిసారి ఆ పేపరు కట్టలో చాలా పేలవమైన రెండు వ్యాసాల వెనక వచ్చిందనీ, వాటి పక్కన అది మెరిసిందనీ తర్వాత తెలిసింది. లెక్కల పేపరు అయితే ఇలా జరగదు కదా అని అప్పట్లో నన్ను నేను సమాధానపరచుకున్నాను, కానీ అదీ నిజం కాదు.

1912లో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఉన్నత పాఠశాల స్థాయి ఇంగ్లిషు జవాబు పత్రాల నకళ్లను అనేక పాఠశాలలకు పంపి, వాటిని 100 మార్కులకు దిద్దమని కోరారు. 142 మంది ఉపాధ్యాయులు దిద్దిన ఒకే పత్రానికి 64 మొదలుకొని 98 వరకు మార్కులు వచ్చాయి. భాష కాబట్టి ఇలా జరిగిందన్న విమర్శకు జవాబుగా వారు మరుసటి సంవత్సరం ఒక రేఖాగణితం పత్రాన్ని పంపితే, దానికి 28 నుంచి 95 వరకు వచ్చాయి. ఆ ఉపాధ్యాయులు అజాగ్రత్తగా దిద్దారని అనుకోనక్కర్లేదు. ఒకరు అడుగులను కొలిచారు, ఒకరు తుది జవాబును కొలిచారు, మరొకరు శుభ్రతకు కూడా కోత పెట్టారు. ఎవరి కొలబద్ద వారిది, అది వారి మనసులో తప్ప కాగితం మీద లేదు. కనుక వ్యాసాల మూల్యాంకనంలో చేయవలసిన మొదటి పని ఆ కొలబద్దను మనసులోంచి బయటికి తీసి, పేపర్లు ముట్టుకోకముందే, మాటల్లో రాసుకోవడం.

ప్రశ్న దగ్గరే మొదలు

ప్రమాణం బాగా లేకపోవడానికి సగం కారణం ప్రశ్నే. "ఫోన్ల గురించి వ్యాసం రాయండి" అని అడిగితే ఒక విద్యార్థి ఫోన్ చరిత్ర రాస్తాడు, ఒకరు లాభనష్టాల పట్టిక రాస్తారు, మరొకరు తన ఫోన్ పోయిన రోజు గురించి రాస్తారు. ముగ్గురూ అడిగిందే రాశారు కాబట్టి ఆ మూడింటినీ ఒకే తక్కెడలో పెట్టడానికి దారి ఉండదు. అదే ప్రశ్నను "తరగతి గదిలోకి ఫోన్లు తీసుకురావడాన్ని పూర్తిగా నిషేధించాలా? మీ అభిప్రాయాన్ని కనీసం రెండు కారణాలతో సమర్థించి, ఎదుటి పక్షం చెప్పే ఒక వాదనకు సమాధానం ఇవ్వండి" అని మార్చగానే మార్కులు దేనికి వేయాలో ప్రశ్నే చెబుతుంది. అభిప్రాయం ఉందా, రెండు కారణాలు ఉన్నాయా, అవి నిజంగా రెండేనా లేక ఒకే కారణం రెండు వేషాల్లో వచ్చిందా, ఎదుటి వాదనను సరిగ్గా చెప్పి జవాబిచ్చారా లేక దాన్ని వెక్కిరించి వదిలేశారా అని చూడవచ్చు. ప్రశ్న ఇచ్చే రోజునే ఈ పరీక్ష పెట్టుకోవాలి: నా ప్రశ్న చదివినవారికి నేను దేనికి మార్కులు వేస్తానో ఊహించడం వీలవుతుందా? వీలుకాకపోతే ప్రశ్నను దిద్దాలి. పేపర్లు చేతికొచ్చాక దిద్దేందుకు అవి తప్ప ఇంకేమీ మిగలవు.

దేనికి ఎంత

1961లో పాల్ డీడెరిక్ అనే అమెరికన్ పరిశోధకుడు, అతని సహచరులు 300 వ్యాసాలను వేర్వేరు వృత్తులకు చెందిన 53 మంది చదువరులకు ఇచ్చి, ఏ సూచనా లేకుండా నాణ్యతను బట్టి తొమ్మిది అంతస్తుల్లో, అంటే స్థాయిల్లో, అమర్చమన్నారు. మూడో వంతు వ్యాసాలకు తొమ్మిది అంతస్తుల్లో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరి చేత పడింది. అయితే వారు అంతటితో ఆగక, చదువరులు రాసిన వ్యాఖ్యలను పట్టుకొని వారి అభిరుచులను విడదీస్తే ఐదు గుంపులు తేలాయి. కొందరు ఆలోచనకు విలువ ఇచ్చారు, కొందరు అమరికకు, కొందరు శైలికి, కొందరు వ్యాకరణానికీ అక్షర దోషాలకూ, కొందరు పదాల ఎంపికకు. గమనించవలసింది ఇది: ఒక్కొక్కరు తమకు నచ్చినదాన్ని కొలిచి దానికే "వ్యాసం నాణ్యత" అని పేరు పెట్టుకున్నారు. మన చేతిలోని కొలబద్దలో ఈ అంశాలు విడివిడిగా, ముందే నిర్ణయించిన బరువులతో ఉంటే, మన అభిరుచి తనకు ఇచ్చిన గదిలోనే ఉంటుంది, ఇల్లంతా ఆక్రమించదు.

బరువులు ప్రశ్నను బట్టి, తరగతిని బట్టి మారాలి. రెండో భాషగా ఇంగ్లిషు నేర్చుకునేవారి వ్యాసాల కోసం 1981లో వచ్చిన ఒక ప్రసిద్ధ పట్టికలో 100 మార్కులకు విషయానికి 30, అమరికకు 20, పదజాలానికి 20, భాషా ప్రయోగానికి 25, అక్షర దోషాలు, విరామ చిహ్నాల వంటి వాటికి 5 కేటాయించారు. భాష నేర్పడమే ఉద్దేశమైన చోట కూడా అక్షర దోషాలకు దక్కింది 5 మాత్రమే. పైన చెప్పిన ఫోన్ల ప్రశ్నను 20 మార్కులకు అడిగితే నేను వాదనకు 8, అమరికకు 5, పదాలకూ వాక్యాలకూ 4, అక్షర దోషాలకు 3 ఇస్తాను. చరిత్ర వ్యాసమైతే ఆధారాలకు ప్రత్యేకంగా ఒక గడి కావాలి. కథనాత్మక వ్యాసానికి వాదన గడి పనికిరాదు. నాలుగైదు అంశాలకు మించితే మాత్రం, ఎంత ముచ్చటగా కనిపించినా, దిద్దేవారు పదో పేపరు నాటికి గడులను చూడడం మానేసి మొత్తం మార్కు ముందు అనుకొని దాన్ని గడుల్లోకి పంచడం మొదలుపెడతారు. ఈ దొంగలెక్క నేనూ చేశాను.

ఈ పట్టికను చాలామంది రుబ్రిక్ అంటున్నారు. ఆ మాట లాటిన్‌లో ఎర్రమన్నుకు ఉన్న పేరు నుంచి వచ్చింది, పాత రాతప్రతుల్లో శీర్షికలను ఎర్ర రంగుతో రాసేవారు. ఎర్ర సిరాకూ మనకూ ఉన్న బంధం అంత పాతదన్నమాట.

అంతస్తులను మాటల్లో పెట్టడం

బరువుల కంటే కష్టమైన పని, ప్రతి అంశంలోనూ ఏ మార్కుకు ఏమి ఉండాలో రాయడం. "చాలా బాగుంది, బాగుంది, ఫరవాలేదు, బాగాలేదు" అని నాలుగు గడులు రాసుకుంటే అది ప్రమాణం కాదు, దిద్దేవారి ముఖకవళికల వర్ణన. గడిలో ఉండవలసింది కాగితం మీద వేలు పెట్టి చూపించగలిగే విషయం. ఫోన్ల ప్రశ్నలో వాదనకు నేను రాసుకున్నది ఇలా ఉంటుంది.

7–8: అభిప్రాయం స్పష్టంగా ఉంది. రెండు వేర్వేరు కారణాలున్నాయి, ప్రతిదానికీ ఉదాహరణో వివరణో ఉంది. ఎదుటి వాదనను దాని బలం తగ్గించకుండా చెప్పి, దానికి జవాబు ఇచ్చారు.
5–6: అభిప్రాయం, కారణాలు ఉన్నాయి గాని ఒకదానికి వివరణ లేదు. లేదా ఎదుటి వాదనకు మంచి జవాబు ఉంది గాని కారణం ఒక్కటే ఉంది.
3–4: అభిప్రాయం ఉంది. కారణాలు వరుసగా పేర్కొన్నారు గాని దేన్నీ విప్పి చెప్పలేదు. ఎదుటి వాదన ప్రస్తావన మాత్రమే ఉంది, లేదా అదీ లేదు.
1–2: ఏ పక్షమూ తీసుకోలేదు, లేదా ఎవరైనా ఏ విషయం మీదైనా రాయగలిగిన సాధారణ వాక్యాలే ఉన్నాయి.

పక్కపక్క గడుల మధ్య తేడా "మరింత", "ఇంకాస్త" వంటి మాటల మీద నిలబడితే ఆ గడి పనిచేయదు. "మరింత స్పష్టంగా" అంటే ఎంత అన్న ప్రశ్నకు ఎవరి జవాబు వారిదే. ఒక అంతస్తులో ఉన్న ఏ వస్తువు కింది అంతస్తులో లేదో చెప్పగలగాలి.

రెండు పేరాలు, దగ్గరగా

కొలబద్ద ఎందుకు కావాలో ఈ రెండు పేరాలు చూస్తే తెలుస్తుంది. ఇవి ఈ వ్యాసం కోసం నేను రాసినవే, కానీ ఇలాంటివి ప్రతి కట్టలోనూ ఉంటాయి. మొదటిది:

"నేటి ఆధునిక సమాజంలో చరవాణి ఎంతో ప్రాముఖ్యం సంతరించుకుంది. ప్రతి నాణేనికీ రెండు వైపులు ఉన్నట్లే చరవాణి వల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి. కనుక విద్యార్థులు దానిని సక్రమంగా వినియోగించుకొని ఉన్నత శిఖరాలను అధిరోహించాలి."

రెండోది:

"ఫోన్ తీసేస్తే పాఠం వింటారు అంటారు కాని ఫోన్ తేని రోజు కూడ మేము కిటికిలోంచి బయటికి చూసేవాల్లం. ద్యాస పోవడానికి ఫోన్ ఒక్కటే కారనం కాదు. కాకపోతే కిటికీ మనల్ని పిలవదు, ఫోన్ పిలుస్తుంది. అందుకని పాఠం జరిగేటప్పుడు మాత్రం అది సంచిలోనే ఉండాలి, విరామంలో తీసుకోవచ్చు."

అలసిన కన్ను మొదటి పేరాను ఇష్టపడుతుంది. ఒక్క తప్పు లేదు, మాటలు గంభీరంగా ఉన్నాయి. రెండో పేరాలో "కూడా", "కిటికీ", "చూసేవాళ్లం", "ధ్యాస", "కారణం" అనే ఐదు మాటలు తప్పుగా పడ్డాయి, ఎర్ర కలం ఐదు చోట్ల ఆగుతుంది, ఆగిన ప్రతిసారీ మనసు కొంచెం చిరాకు పడుతుంది. పట్టిక లేకుండా దిద్దితే మొదటిదానికి 14, రెండోదానికి 9 పడడం ఏమీ వింత కాదు.

ఇప్పుడు వ్యాసమంతా ఈ తీరులోనే ఉందనుకొని గడుల్లో వేసి చూడాలి. మొదటి పేరాలో నిషేధించాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబే లేదు. "చరవాణి" తీసేసి "దూరదర్శిని" అని పెట్టినా, "అంతర్జాలం" అని పెట్టినా అన్ని వాక్యాలూ చెక్కుచెదరకుండా నిలుస్తాయి. ఏ విషయానికైనా సరిపోయే పేరా ఏ విషయాన్నీ చెప్పనట్టే. దానికి వాదనలో 2, అమరికలో 2, అరువు పదబంధాలు తప్ప సొంత మాట లేనందున పదాలకు 2, అక్షర దోషాలు లేనందున 3, మొత్తం 9 వస్తాయి. రెండో పేరాలో విద్యార్థి ఎదుటి వాదనను ముందు చెప్పి, దానికి తన అనుభవంతో జవాబిచ్చి, ఆ జవాబులోని లోపాన్ని తానే పట్టుకొని, కిటికీకీ ఫోన్‌కూ ఉన్న తేడా చూపి, పూర్తి నిషేధం కాకుండా ఒక హద్దు సూచించాడు. రెండో కారణం లేకపోవడం ఒక్కటే లోటు కాబట్టి వాదనకు 6, అమరికకు 3, మాటలకు 3, అక్షరాలకు 1, మొత్తం 13. మార్కులు తారుమారయ్యాయి. ఇందులో నా దయ ఏమీ లేదు, గడులు చెప్పిందే వేశాను.

అక్షర దోషం ఒక్క చూపులో కనిపిస్తుంది, ఆలోచనలోని ఖాళీ కనిపించాలంటే ఆగి వెతకాలి. తేలికగా కనిపించే తప్పు తన వాటాకు మించి మార్కులు మింగడం అందువల్లే. దానికి 3 మార్కుల గడి ఇచ్చామంటే అది 3 మార్కులే తినాలి. ఒకే మాట ఐదుసార్లు తప్పుగా రాస్తే ఒక తప్పుగానే లెక్కించడం న్యాయం. ల, ళ; న, ణ; ఒత్తులు, దీర్ఘాలు, వీటిలో విద్యార్థి ఒకే రకమైన తప్పు పదేపదే చేస్తుంటే అది పది తప్పులు కాదు, తెలియని ఒక్క సూత్రం. ఇంటి పలుకుబడి వ్యాసంలోకి వస్తే ఏం చేయాలో కూడా ముందే నిర్ణయించుకోవాలి. ప్రశ్నలో శిష్ట వ్యావహారికంలో రాయమని చెప్పి ఉంటే తప్ప దానికి మార్కు కోయడం తగదని నా అభిప్రాయం.

కట్ట విప్పాక

పట్టిక సిద్ధమైనా వెంటనే మార్కులు వేయకూడదు. ముందు కట్టలో అక్కడక్కడ నుంచి ఎనిమిదో పదో పేపర్లు తీసి, కలం పక్కన పెట్టి చదవాలి. అప్పుడు రెండు విషయాలు బయటపడతాయి. పట్టికలో ఊహించని జవాబులు కొన్ని కనిపిస్తాయి, వాటికి చోటు కల్పిస్తూ గడులను సరిచేయాలి. అలాగే ప్రతి అంతస్తుకూ సరిగ్గా సరిపోయే ఒక్కో పేపరు దొరుకుతుంది. వాటిని నమూనాలుగా పక్కన పెట్టుకుంటే గడిలోని మాటలు ఎంత స్పష్టంగా ఉన్నా తీరని సందేహాలను ఆ పేపర్లు తీరుస్తాయి. పదిహేను, ఇరవై పేపర్లకు ఒకసారి వాటిని మళ్లీ చదివితే కొలత ఎటు జారుతోందో తెలుస్తుంది. నా విషయంలో అది సాయంత్రమయ్యేకొద్దీ పిసినారితనం వైపు జారుతుంది. కొందరికి ఉదారత వైపు జారుతుంది.

పేర్లు కనపడకుండా మడతపెట్టడం తప్పనిసరి. ఒకరిలోని ఒక గుణం చూసి మిగతా గుణాలన్నీ అలాగే ఉంటాయనుకోవడాన్ని మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే ఎత్తి చూపాడు, మంచి విద్యార్థి అన్న పేరు చేసే పని అదే. ఆ విద్యార్థి దాటవేసిన చోట "తెలిసే ఉంటుంది, రాయలేదంతే" అని మనమే పూరిస్తాం. చేతిరాత కూడా ఇలాగే లోపలికి దూరుతుంది. దానికి మార్కు ఇవ్వదలిస్తే పట్టికలో గడి పెట్టి ఇవ్వాలి, లేదంటే ఇవ్వకూడదు. పేపర్లో రెండు వ్యాసాలుంటే అందరి మొదటి వ్యాసం దిద్దాక కట్టను కలగలిపి, అప్పుడు అందరి రెండో వ్యాసం దిద్దాలి. అలా చేస్తే మొదటి వ్యాసం మీది అభిప్రాయం రెండోదాని మీద పడదు, ఎవరి పేపరూ రెండుసార్లూ ఒకే పేలవమైన పేపరు వెనక రాదు.

మధ్యలో ప్రమాణం మార్చాలనిపిస్తుంది. ముప్పయ్యో పేపరు దగ్గర "దీనికి మరీ కఠినంగా ఉన్నానే" అనిపిస్తే మార్చవచ్చు, కాని మార్చిన వెంటనే మొదటి పేపరు నుంచి మళ్లీ చూడాలి. ఆ ఓపిక లేకపోతే మార్చకుండా పూర్తి చేయడమే మేలు.

రెండు అంతస్తుల మధ్య ఊగే పేపరు దగ్గర నేను వాడే ఉపాయం ఒకటుంది. దీనికి ఎన్ని మార్కులు అని అడగడం మానేసి, దాన్ని ఒక నమూనా పేపరు పక్కన పెట్టి, ఈ రెంటిలో ఏది మెరుగు అని అడుగుతాను. ఒక వస్తువుకు అంకె ఇవ్వడం కంటే రెండింటిని పోల్చడం మనిషికి తేలిక. మనస్తత్వవేత్త లూయిస్ థర్‌స్టన్ 1927లో ప్రతిపాదించిన పోలిక సూత్రం ఈ పునాది మీదే నిలిచింది, దాని ఆధారంగా వ్యాసాలను జతలుజతలుగా పోల్చి వరుస కట్టే పద్ధతి కూడా వాడుకలో ఉంది. చిన్న తరగతికి అంత తతంగం అవసరం లేదు, నమూనాలతో పోల్చితే చాలు.

ఇద్దరు దిద్దేటప్పుడు

ఫలితం మీద విద్యార్థి భవిష్యత్తు ఆధారపడే పరీక్ష అయితే ఇద్దరు విడివిడిగా దిద్దాలి, ఒకరి మార్కు మరొకరికి కనపడకూడదు. 20కి రెండు మార్కుల లోపు తేడా ఉంటే సగటు తీసుకోవచ్చు. అంతకు మించితే సగటు తీయడం తప్పు. ఒకరు 8, ఒకరు 16 వేసిన పేపరుకు 12 వేస్తే అది ఇద్దరిలో ఎవరూ నమ్మని మార్కు. అప్పుడు ఇద్దరూ పట్టిక ముందు పెట్టుకొని, ఏ గడి దగ్గర విడిపోయారో వెతకాలి. చాలాసార్లు గొడవ ఒకే గడిలో ఉంటుంది: ఒకరు "వివరణ" అంటే ఉదాహరణ అనుకున్నారు, మరొకరు కారణం అనుకున్నారు. అదే దొరికితే ఆ గడిని తిరిగి రాసుకోవాలి. దొరక్కపోతే మూడోవారికి ఇవ్వాలి.

చిక్కు పేపర్లు

ప్రతి కట్టలోనూ గడులకు లొంగని పేపర్లు రెండు మూడు ఉంటాయి. అడిగిన ప్రశ్న వదిలేసి అద్భుతంగా రాసిన వ్యాసం ఒకటి. దానికి వాదన గడిలో 0 లేదా 1 పడాలి, మిగతా గడుల్లో దక్కవలసినవి దక్కాలి. మనసు నొచ్చుకున్నా అంతే. బట్టీ పట్టి రాసిన వ్యాసానికి బట్టీ పట్టినందుకు కోత వేయనక్కర్లేదు, ప్రశ్న సరిగ్గా అడిగి ఉంటే అది వాదన గడిలో తనంతట తానే కింద పడుతుంది. వేరొకరి చేతనో యంత్రం చేతనో రాయించారన్న అనుమానం వస్తే, అనుమానానికి మార్కులు కోయకూడదు. ఆ వ్యాసంలోని ఒక పేరాను విద్యార్థి చేత నోటితో వివరింపజేసి, అది మార్కుల లెక్కకు బయట విడిగా తేల్చుకోవలసిన సంగతి. నిడివి గురించి ఒక్క మాట: చెప్పిన హద్దు దాటితే ఏమవుతుందో ప్రశ్నపత్రంలోనే ఉండాలి, అక్కడ లేని శిక్షను దిద్దే బల్ల దగ్గర కనిపెట్టకూడదు.

వ్యాఖ్య, ఆపై మార్కు

రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో, వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న విద్యార్థులు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు, మార్కులు మాత్రమే అందుకున్నవారికి ఆ మేలు కలగలేదు. మార్కులు, వ్యాఖ్యలు రెండూ అందుకున్నవారికి కూడా కలగలేదు. అంకె కనపడగానే కళ్లు అక్కడే ఆగిపోతాయి. అందుకని వీలున్న చోట నేను పేపర్లను వ్యాఖ్యలతో ముందు ఇచ్చి, మార్కులను మర్నాడు చెబుతాను. వ్యాఖ్య రెండు మూడు వాక్యాలకు మించదు. "బాగుంది, ఇంకా కృషి చేయాలి" అన్నది వ్యాఖ్య కాదు, అది ఎవరి పేపరు మీదైనా వేయగల ముద్ర. పైన చూపిన రెండో పేరా రాసిన విద్యార్థికి నేను రాసేది ఇది: "కిటికీ పిలవదు, ఫోన్ పిలుస్తుంది అన్న చోట నీ వాదన నిలబడింది. ఇలాంటి కారణం ఇంకొకటి కావాలి. ణ, ళ వచ్చే మాటలు పది రాసుకొని రేపు చూపించు." చేసినదాన్ని చోటు చెప్పి చూపడం, తర్వాత చేయవలసిన పని ఒకటో రెండో అప్పగించడం, అంతే. పేపరంతా ఎర్ర గీతలతో నింపితే ఏ గీత ముఖ్యమో విద్యార్థికి తెలియదు.

పట్టికను విద్యార్థులకు ప్రశ్నతోపాటే ఇవ్వాలి. ఇంకా మంచిది, రాయకముందే పేర్లు లేని రెండు పాత వ్యాసాలు ఇచ్చి, అదే పట్టికతో వారినే దిద్దమనడం. మొదటి పేరా వంటి వ్యాసానికి తరగతిలో సగం మంది ఎక్కువ మార్కులు వేస్తారు. ఎందుకు వేశారో చెప్పమన్నప్పుడు వారికి తమ వ్యాసాలే కళ్ల ముందు కదులుతాయి.

మార్కు తప్పని ఎవరైనా వస్తే, పాత మార్కును మూసి, పట్టికతో మళ్లీ మొదటి నుంచి దిద్దాలి. ఆ మార్కు పెరగవచ్చు, తగ్గవచ్చు అన్న నియమాన్ని పేపర్లు ఇచ్చే రోజే చెప్పి ఉండాలి. ఏ గడి మీద ఎక్కువ మంది అడుగుతున్నారో పట్టిక అంచున గుర్తు పెట్టుకుంటాను, తర్వాతి పరీక్షకు ముందు మళ్లీ రాసే గడి అదే.